ఆకుపచ్చ ట్రామ్ మళ్లీ పట్టాలెక్కాలంటే

మెల్‌బోర్న్ పాత ట్రామ్ జ్ఞాపకం చాలామందికి చెవుల్లో మిగిలిపోయింది. స్టాపులో ఆగిన బండి కింద ఉన్నట్టుండి కంప్రెసర్ దడదడలాడేది. బ్రేకు వదలగానే గాలి బుస్సుమనేది. బండి వేగం అందుకునే కొద్దీ గేర్ల మూలుగు పైస్థాయికి పోయేది. ఈ చప్పుళ్లన్నిటికీ కారణాలున్నాయి. మోటారు ఒక పక్క బోగీ (ఇక్కడ రైలు పెట్టె కాదు, బండి కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం) ఫ్రేముకు వేలాడుతూ, ఇంకో పక్క నేరుగా ఇరుసు మీదే కూర్చుని ఉండేది. ఇరుసుకూ మోటారుకూ మధ్య రబ్బరు గానీ స్ప్రింగు గానీ లేదు. చాలా బండ్లలో గేర్ల పళ్లు ఏటవాలుగా కాకుండా తిన్నగా కోసినవి. ఆ పళ్లు ఒరుసుకునే మోత ఇరుసు నుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి చెక్క నేలకు, అక్కణ్ణుంచి సీట్లో కూర్చున్నవాళ్ల అరికాళ్లకు ఎక్కేది. కొత్త ట్రాముల్లో ఆ దారంతా రబ్బరుతో మూసేశారు. ప్రయాణం హాయిగానే ఉంటుంది. కానీ పట్టాలు దాటేవాళ్లకు పాత బండి గంట కొట్టకముందే తెలిసిపోయేదన్న సంగతీ ఒప్పుకోవాలి.

ఆ బండ్లన్నీ డబ్ల్యూ కుటుంబానికి చెందినవి. నగరంలోని కేబుల్ ట్రాములనూ, శివారు మునిసిపాలిటీల ట్రస్టులు నడుపుతున్న విద్యుత్ ట్రాములనూ ఒక్కచోటికి తేవడానికి 1919లో మెల్‌బోర్న్ అండ్ మెట్రోపాలిటన్ ట్రామ్‌వేస్ బోర్డు ఏర్పడింది. బోర్డు చేతికొచ్చేసరికి ఎవరి బండి వాళ్లది, ఎవరి విడిభాగాలు వాళ్లవి. అన్ని లైన్లకూ ఒకే నమూనా ఉండాలని 1923లో తొలి డబ్ల్యూ దించారు. 1956 దాకా 750కి పైగా తయారయ్యాయి. వాటిలో ఎక్కువభాగం ప్రెస్టన్ వర్క్‌షాపులోనే పుట్టాయి. డబ్ల్యూ2 రకమే 400 దాటింది. చివరిది డబ్ల్యూ7, మొత్తం 40 బండ్లు, 1956 ఒలింపిక్స్ నాటివి.

బయటి నుంచి చూస్తే డబ్ల్యూ ఆనవాలు నడుము దగ్గర దొరుకుతుంది. రెండు చివర్లా నేల ఎత్తుగా ఉంటుంది, ఎందుకంటే కింద బోగీలూ మోటార్లూ ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు కనుక అక్కడ నేలను కిందికి దించారు. ఎక్కేవాళ్లకు ఒక మెట్టు తగ్గింది. పాత రకాల్లో ఈ మధ్యభాగానికి తలుపులే లేవు, వానొస్తే కాన్వాసు తెర కిందికి లాగడమే. జులై చలిలో (అక్కడ అది శీతాకాలం) ఆ చెక్క బల్ల మీద కూర్చోవడం ధైర్యవంతుల పని. పక్కకు జరిగే తలుపులు పెట్టిన బండ్లకు పేరు ముందు ఇంకో అక్షరం చేర్చి ఎస్‌డబ్ల్యూ అన్నారు.

దీపాల సంగతి ఒకటుంది. పై తీగలో 600 వోల్టుల డీసీ. బల్బు 120 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ డీసీకి పనికిరాదు. అందుకని ఐదేసి బల్బులను వరసగా కలిపేవాళ్లు, ఐదు 120లు 600. ఒక్క బల్బు మాడితే ఐదూ ఆరిపోతాయి. రాత్రిపూట సగం బండి చీకటిగా, సగం వెలుగుగా పోతుండటానికి కారణం అదే. మాడినదాన్ని కనిపెట్టాలంటే మంచి బల్బు ఒకటి చేతిలో పట్టుకుని ఒక్కో హోల్డర్‌లో పెట్టి చూసుకుంటూ పోవాలి. వరసలో రెండు మాడితే ఆ పద్ధతి కూడా పనిచేయదు.

నడిపేవాళ్ల చేతిపని గురించి ప్రయాణికులు పెద్దగా ఆలోచించి ఉండరు. డబ్ల్యూ2లో నాలుగు మోటార్లు, ఒక్కోటి 40 హార్స్‌పవర్. డ్రైవర్ ముందున్న ఇత్తడి పిడి తిప్పితే లోపలి డ్రమ్ము తిరిగి రాగి వేళ్లు రాగి పట్టీలను ఒక్కొక్కటే తాకుతాయి. మోటార్లకు పోయే కరెంటంతా ఆ పెట్టెలోంచే పోతుంది. మొదటి నాచ్‌లలో, అంటే పిడి ఆగే తొలి మెట్లలో, మోటార్లు జంటలుగా సిరీస్‌లో ఉంటాయి, ఒక్కోదానికి 300 వోల్టులే అందుతాయి. ఆపై నాచ్‌లలో పారలల్‌కు మారి పూర్తి 600 అందుతుంది. మధ్య నాచ్‌లన్నీ నేల కింద ఉన్న పోత ఇనుప రెసిస్టెన్స్ గ్రిడ్‌లను (కరెంటును అడ్డుకుని తగ్గించేవి) కలుపుతూ, తీసేస్తూ పోయేవి. అవి దాటిపోవడానికే తప్ప నిలవడానికి కాదు. సిరీస్‌లో చివరి నాచ్, పారలల్‌లో చివరి నాచ్, ఈ రెండింటి మీదే బండిని ఎంతసేపైనా నడపొచ్చు. కొత్త డ్రైవర్ ట్రాఫిక్‌లో మధ్య నాచ్ మీద బండిని ఈడ్చాడంటే గ్రిడ్ ఎర్రగా కాలి, పైనున్న చెక్క మాడిన వాసన వచ్చేది. మరీ వేగంగా తిప్పేస్తే మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి సర్క్యూట్ బ్రేకర్ తుపాకి పేలినట్టు ఎగిరిపడేది. మంచి డ్రైవర్ బండిలో నిలబడ్డవాళ్లు తూలరు. డబ్ల్యూ5 నుంచి ఈ పెద్ద కరెంటును డ్రైవర్ చేతికింది నుంచి తప్పించి నేల కింద కాంటాక్టర్లకు, అంటే కరెంటుతోనే పనిచేసే స్విచ్‌లకు, అప్పగించారు. పిడిలో సన్నటి కరెంటే మిగిలింది.

మిగతా ఆస్ట్రేలియా ఈ బండ్లను ఇంతకాలం భరించలేదు. సిడ్నీ 1961 ఫిబ్రవరిలో, బ్రిస్బేన్ 1969 ఏప్రిల్‌లో ట్రాములు ఎత్తేశాయి. అడిలైడ్‌లో గ్లెనెల్గ్ లైను ఒక్కటే మిగిలింది. మెల్‌బోర్న్ నిలబడటానికి వెడల్పాటి వీధులు ఒక కారణమైతే, 1949 నుంచి 1970 దాకా బోర్డు అధ్యక్షుడుగా ఉన్న సర్ రాబర్ట్ రిసన్ మొండితనం మరొకటి. అందరూ బస్సులంటున్న రోజుల్లో, 1955లో, బస్సులు నడుస్తున్న బర్క్ స్ట్రీట్‌లో తిరిగి ట్రామ్ పెట్టించాడు. పట్టాలను కాంక్రీటులో వేయించాడు. కాంక్రీటులో వేసిన పట్టాను పీకడం మళ్లీ వేయడమంత ఖర్చు. ఆ ఒక్క లెక్క చాలా నోళ్లు మూయించింది.

డబ్ల్యూల విరమణ 1975లో జెడ్ రకం కొత్త ట్రాములు రావడంతో మొదలైంది. 1980లు ముగిసేసరికి డబ్ల్యూ2లు మామూలు సర్వీసులోంచి దాదాపు పోయాయి. ఈలోపే బయటి దేశాల కళ్లు వాటి మీద పడ్డాయి. సియాటిల్ తన వాటర్‌ఫ్రంట్ లైనును 1982లో వీటితోనే మొదలుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో, మెంఫిస్, న్యూజీలండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ తీసుకెళ్లాయి. అమెరికాలోని సవానాలో 756 నంబరు బండి తీగ లేకుండా లోపలే ఇంజిను పెట్టుకుని నది ఒడ్డున తిరిగింది. ఇలా పోతుంటే ఇంట్లో ఏమీ మిగలదని జనం అడ్డుపడ్డారు, 1990ల మొదట్లో ఎగుమతికి అడ్డుకట్ట పడింది. 1994 ఏప్రిల్ 29న సిటీ సర్కిల్ మొదలైంది. మెరూన్ మీద బంగారు గీతల డబ్ల్యూలు నగర కేంద్రం చుట్టూ ఉచితంగా తిరిగే లైను అది. ఆంధ్రా, తెలంగాణల నుంచి పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లే మొదటి చోట్లలో ఇదొకటి. టికెట్ లేదు, దారి తప్పే భయం లేదు, కూర్చుంటే మళ్లీ ఎక్కినచోటికే వస్తుంది.

రోజూ పనికి పోయే బండిగా డబ్ల్యూ ఎక్కువకాలం మిగిలింది చాపెల్ స్ట్రీట్ మీదుగా పోయే 78, 79 లైన్లలోనూ, లట్రోబ్ స్ట్రీట్ 30లోనూ. 2014 డిసెంబరుతో అదీ అయిపోయింది. పరుపు చిరిగిందనో రంగు పోయిందనో వీటిని ఆపలేదు. ఆపించినవి బ్రేకులూ మెట్లూను. మెట్ల సంగతి తేలిగ్గా చెప్పొచ్చు. 2002 నాటి ఆస్ట్రేలియా వికలాంగుల రవాణా ప్రమాణాల ప్రకారం 2032 చివరికల్లా ట్రాములన్నీ చక్రాల కుర్చీ ఎక్కేలా ఉండాలి. డబ్ల్యూ నడుము ఎంత దించినా ఫుట్‌పాత్ మట్టానికి రాదు.

బ్రేకుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పాత ట్రామ్ దాచేవాళ్లంతా మొదట తడబడేది ఇక్కడే. డబ్ల్యూలో ఉన్నది స్ట్రెయిట్ ఎయిర్ బ్రేకు. కంప్రెసర్ ప్రధాన ట్యాంకులో చదరపు అంగుళానికి సుమారు 60, 70 పౌండ్ల గాలి నింపుతుంది. డ్రైవర్ వాల్వు తిప్పితే ఆ గాలి గొట్టంలోంచి నేరుగా బ్రేకు సిలిండర్‌లోకి పోయి, పిస్టన్ కడ్డీలను లాగి, పోత ఇనుప షూలను చక్రాల మీద నొక్కుతుంది. రైలు బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు దానంతటదే పడుతుంది. ఇక్కడ గొట్టం తెగితే బ్రేకే ఉండదు. ఇక మిగిలేవి చేతిబ్రేకు చక్రం, మోటార్లను వెనక్కి తిప్పి ఆపే ఆఖరి ఉపాయం. గాలి అందినా ఇంకో చిక్కుంది. షూ అరిగేకొద్దీ పిస్టన్ ఎక్కువదూరం కదలాలి. ఎక్కువ గాలి ఖర్చవుతుంది, బ్రేకు పట్టడానికి అరక్షణం ఎక్కువ పడుతుంది, చివరికి పిస్టన్ సిలిండర్ కొసకు తగిలి షూ చక్రాన్ని ముట్టుకుంటుందే తప్ప నొక్కదు. అందుకే షెడ్డులో గుంత దిగి, బ్రేకు వేయించి, పిస్టన్ కడ్డీ ఎంత బయటికొచ్చిందో కొలిచి, టర్న్‌బకిల్ (కడ్డీ పొడవు సర్దే మర) బిగించడం అరుదుగా చేసే పని కాదు, రోజువారీ పని. నాలుగు చక్రాల జంటల్లో ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే ఇంకో ప్రమాదం. బిగువున్న చక్రం ముందే లాక్ అయి పట్టా మీద ఈడ్చుకుపోతుంది. అక్కడ చక్రం ఒకచోట చదునై, తర్వాత తిరిగిన ప్రతిసారీ టక్ టక్‌మంటుంది.

చక్రం ఈడ్చుకుపోకుండా ఉండటానికి ఇసుక. సన్నగా, ఎండినదై ఉండాలి. తడి ఇసుక పెట్టెలో గడ్డకట్టి, పెడల్ నొక్కినా గొట్టంలోంచి దిగదు. సమస్య ఎప్పుడూ పెద్దవానలో రాదు. పెద్దవాన పట్టాను కడిగేస్తుంది. చిరుజల్లు మొదలైన తొలి పది నిమిషాల్లో పట్టా మీది నూనె, దుమ్ము, శరత్కాలంలో రాలిన చెట్ల ఆకులు కలిసి జిగురుపొర అవుతాయి. అప్పుడే బండి నిలవదు. కొత్త ట్రాముల్లో చక్రాల బ్రేకుతో పాటు నేరుగా పట్టాను పట్టుకునే అయస్కాంత బ్రేకు ఉంటుంది. పాత డబ్ల్యూలకు అది లేదు. కాలం గడిచేకొద్దీ చుట్టూ కార్ల వేగం పెరిగింది, ట్రామ్ ముందు హఠాత్తుగా మలుపు తీసుకునేవాళ్లు పెరిగారు. 1923 నాటి బ్రేకు దూరం రోడ్డుకు సరిపోలేదు. 2000ల మొదట్లో బ్రేకుల వల్ల జరిగిన ప్రమాదాల తర్వాత ఈ బండ్లను కొన్నాళ్లు పక్కన పెట్టి, మార్పులు చేసి, వేగానికి హద్దు పెట్టి తిరిగి దించారు.

చదునైన చక్రాన్ని లేతు మీద కోసి గుండ్రం చేస్తారు. కోసిన ప్రతిసారీ ఉక్కు టైరు మందం తగ్గుతుంది. ఒక చక్రం తగ్గితే అదే ఇరుసు మీది రెండోదాన్నీ అదే కొలతకు తేవాలి. లేకపోతే బండి ఒక పక్కకే ఒరుసుకుంటూ పోయి, అంచు పదునెక్కి, మలుపుల్లో కిర్రుమంటుంది. టైరు హద్దు దాటి అరిగితే కోసి తీసేసి కొత్తది వేయాలి. కొత్త టైరు లోపలి వ్యాసం చక్రం కన్నా వెంట్రుకవాసి తక్కువ ఉంటుంది. చుట్టూ మంట పెట్టి సమంగా వేడిచేస్తే సాగుతుంది. చక్రాన్ని అందులో దించి చల్లారనిస్తే బిగుసుకుంటుంది. తొందరపడి నీళ్లు పోసినవాళ్ల టైరు పగులుతుంది, లేదా తర్వాత వదులవుతుంది. వదులయిందీ లేనిదీ తెలుసుకోవడానికి చక్రానికీ టైరుకూ అడ్డంగా ఒక తెల్లగీత గీస్తారు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే ఆ బండి ఆరోజు షెడ్డు దాటకూడదు.

మోటార్ల సంగతి మన ఊళ్లలో వైండింగ్ షాపులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కార్బన్ బ్రష్‌లు అరిగాక స్ప్రింగు పట్టు తగ్గి కమ్యుటేటర్ (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి పట్టీల వలయం) మీద నిప్పురవ్వలు మొదలవుతాయి. రాగి పట్టీల మధ్య మైకా (అభ్రకం) రాగి కన్నా దాదాపు ఒక మిల్లీమీటరు లోతులో ఉండాలి. రాగి అరిగి మైకా పైకి తేలితే బ్రష్ ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు మైకాను సన్నటి రంపంతో కోసి దింపాలి, అంచులు గీకాలి, రాగిపొడి ఊదెయ్యాలి. దీనికన్నా ఎక్కువ కొంపలు ముంచేది బేరింగు. ఆ కాలపు మోటారుకు బాల్ బేరింగులు లేవు. ఇత్తడి చిప్పలో వైట్ మెటల్ అనే మెత్తటి మిశ్రలోహం పోసి, దానికి నూనె అందించడానికి పక్కన ఉన్నిదారం కూరేవాళ్లు. పొడుగు పోగుల ఉన్ని అయితే దీపం వత్తిలా నూనె పీలుస్తుంది. అది పాతబడి పైపొర గాజులా గట్టిపడితే, పెట్టెలో నూనె నిండుగా ఉన్నా బేరింగుకు చేరదు. బేరింగు వేడెక్కి లోహం కరుగుతుంది, ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, కాస్త కిందికి దిగి చుట్టూ ఉన్న అయస్కాంతపు పోల్‌కు రాసుకుంటుంది. యాభై రూపాయల ఉన్ని చూసుకోనందుకు మోటారు మొత్తం విప్పి మళ్లీ కట్టాల్సి వస్తుంది. తడిసిన మోటారుకు కరెంటు ఇవ్వకూడదు. ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బలం కొలిచే పరికరం) కొలవాలి, ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే విప్పి, పొయ్యిలో నిదానంగా ఆరబెట్టి, వార్నిష్ పట్టించి, మళ్లీ కొలవాలి.

పైకి కనపడని శత్రువు పైకప్పు. డబ్ల్యూ కప్పు చెక్క పలకల మీద కాన్వాసు పరిచి రంగు పూసినది. రంగు బీటలిచ్చిన చోట వాన దిగుతుంది. కాన్వాసు కింద ఎండదు. పలక మెత్తబడుతుంది, నీరు కిటికీ స్తంభాల్లోంచి జారి అడుగున ఇనుప ఫ్రేముతో కలిసేచోట నిలుస్తుంది. రంగు నిగనిగలాడుతున్న బండి మూల స్తంభంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిన సందర్భాలు మరమ్మతు చేసేవాళ్లందరికీ తెలుసు. సరిచేయడానికి కాన్వాసు పూర్తిగా ఒలిచి, చెడిన పలకలు మార్చి, చిక్కటి రంగు ఒక పొర వేసి, అది పచ్చిగా ఉండగానే ఒకే ముక్క కాన్వాసును ముడత లేకుండా లాగి, అంచుల్లో చిన్న మేకులు దగ్గర దగ్గరగా కొట్టి, పైన పొర మీద పొర రంగు పట్టించాలి. రెండు ముక్కలు అతికితే ఆ అతుకే మళ్లీ కారుతుంది. ఆ పాత రంగులో సీసం ఉంటుంది, పొడిగా గీకితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంట్రోలర్ పెట్టెల్లో నిప్పురవ్వలను అడ్డుకునే పలకల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్క్ లేకుండా, తడపకుండా వీటిని ముట్టుకోకూడదు.

అందరూ మెచ్చుకునే ఆ దించిన నడుమే నిర్మాణపరంగా బలహీనత. 14 మీటర్ల పెట్టె, 17 టన్నులకు పైగా బరువు. పొడుగునా తిన్నగా పోవాల్సిన ఉక్కు దూలం మధ్యలో కిందికి దిగి మళ్లీ ఎక్కుతుంది. బరువంతా ఆ నాలుగు మూలల్లో పడి, ఏళ్ల తరబడి వంగి వంగి అక్కడే పగుళ్లు వస్తాయి. బండి రెండు కొసలూ కిందికి వాలతాయి. పక్కన సన్నటి తీగ బిగించి కొలిస్తే వాలు తెలుస్తుంది. తలుపు పట్టేస్తోందని తలుపు చెక్క గీకేవాళ్లున్నారు, తప్పు తలుపుది కాదు, దూలానిది.

2018లో విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం మెల్‌బోర్న్ శివారు న్యూపోర్ట్‌లో ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన 134 డబ్ల్యూలను ఉచితంగా ఇస్తామంది. బడులు, క్లబ్బులు, రైతులు, కాఫీ దుకాణాలవాళ్లు ఎగబడ్డారు. ఆ నిర్ణయం మీద రెండు మాటలు చెప్పాలి. షెడ్డులో దాచి ఉంచడం వాటిని కాపాడటం అవదు, అమ్మకం ఆపినంత మాత్రాన తుప్పు ఆగదు, కాబట్టి ఇచ్చేయడమే మేలు. కానీ పెరట్లోకి పోయిన ట్రామ్‌లలో చాలావాటికి అదే ఆఖరి మజిలీ అవుతుందని కూడా తెలిసే ఇవ్వాలి. అలా తెచ్చుకున్నవాళ్లు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. దింపేటప్పుడు క్రేను తాళ్ల మధ్య అడ్డ దూలం పెట్టాలి, లేకపోతే తాళ్లు లోపలికి నొక్కి కప్పు అంచులు పగులుతాయి. బోగీలు లేకుండా వస్తే బండిని బోగీలు ఉండే రెండుచోట్లే, అంటే బోల్‌స్టర్ల కిందే ఎత్తి నిలపాలి. నడుము కింద ఇటుకలు పేర్చినా, కొసల కింద పెట్టినా కొన్నేళ్లలో పెట్టె మెలితిరుగుతుంది. పైన రేకుల కప్పు వేయాలి, పక్కలు తెరిచి ఉంచాలి. టార్పాలిన్ కప్పితే వాన కన్నా ఎక్కువ హాని, చెమ్మ లోపలే తిరిగి కొత్తగా చెక్కను తినడం మొదలుపెడుతుంది. ఎప్పటికైనా నడపాలన్న ఆశ ఉంటే మోటారు బ్రష్‌లు ఎత్తి పెట్టాలి, లేకపోతే బ్రష్ కింద రాగి పాచిపడుతుంది. మూడు నెలలకోసారి బండిని అర చుట్టు ముందుకీ వెనక్కీ నెట్టాలి, బేరింగు ఒకేచోట తుప్పు పట్టకుండా.

నడవడానికి ఎంచుకున్న కొన్ని బండ్లను డబ్ల్యూ8 పేరుతో తిరిగి కట్టారు. ఆ పని విక్టోరియాలోనే మరో ఊరైన బెండిగోలోని బెండిగో ట్రామ్‌వేస్ చేతికి వెళ్లింది. బెండిగోలో మామూలు ట్రామ్ సర్వీసు 1972లో ఆగి, అదే ఏడాది చివరికి పర్యాటకుల ట్రామ్‌గా మళ్లీ మొదలైంది. పని తెలిసిన చేతులు చెదిరిపోకముందే మొదలెట్టారు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత మెల్‌బోర్న్ బండ్లూ అక్కడికే వెళ్లాయి. డబ్ల్యూ8లో అండర్‌ఫ్రేమ్ బలపరిచారు, బ్రేకులూ సస్పెన్షనూ మెరుగుచేశారు, వైరింగ్ కొత్తది, దీపాలు ఎల్‌ఈడీవి. మెరూన్ పోయి పాత ఆకుపచ్చ, మీగడ రంగులు తిరిగొచ్చాయి. ఇది అసలు డబ్ల్యూయే కాదని సణిగేవాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగిందే. అయినా జనాన్ని ఎక్కించుకుని నగరం నడిబొడ్డున కార్ల మధ్య తిరిగే బండికి 1923 బ్రేకులే ఉంచాలనడం మొండి వాదన. ఏ మార్పూ చేయని బండ్లకు హాథోర్న్ డిపో మ్యూజియం లాంటి చోట్లున్నాయి. వైరింగ్ విషయంలో అయితే వాదించడానికేమీ లేదు. పాత తీగల మీది రబ్బరు, నూలు ఎండిపోయి వేలితో నొక్కితే రాలిపోతాయి. ఏసీ మెరుపు సెకనుకు వందసార్లు సున్నా తాకుతుంది కాబట్టి ఆరిపోయే అవకాశముంది. 600 వోల్టుల డీసీ మెరుపు ఒకసారి అంటుకుంటే చెక్క బండిలో దానంతటది ఆరదు. మెంఫిస్‌లో 2013 చివర ఒకటి, 2014 వసంతంలో ఒకటి బండ్లకు నిప్పంటుకున్నాయి. అక్కడి ట్రామ్ సర్వీసు మొత్తం 2014 జూన్ నుంచి 2018 ఏప్రిల్ దాకా ఆగిపోయింది.

సియాటిల్ కథ వేరు. అప్పట్లో అక్కడ బండ్లు బాగానే ఉండేవి, పట్టాలుండేవి, ఎక్కేవాళ్లుండేవాళ్లు. ఒలింపిక్ శిల్పాల పార్కు కోసం ట్రాముల షెడ్డు కూల్చాల్సి వచ్చింది. 2005 నవంబరులో సర్వీసు ఆగింది, మళ్లీ మొదలవలేదు. గుంత లేని చోట బ్రేకు ఎవరు సర్దుతారు, లేతు లేని చోట చక్రం ఎవరు కోస్తారు? పాత ట్రామ్‌లను కాపాడదామని సంతకాలు సేకరించేవాళ్లు బండి బొమ్మ పెట్టి సేకరిస్తారు. షెడ్డు బొమ్మ పెట్టి సంతకాలు సేకరించినవాళ్లు తక్కువ.

మనకు దగ్గరగా రెండు నగరాలున్నాయి. మద్రాసులో 1895 మే 7న విద్యుత్ ట్రామ్ నడిచింది, అప్పటికి లండన్‌లోనూ లేదు. మొదట్లో పై తీగ లేకుండా రోడ్డు కింద కాలువలో విద్యుత్ పెట్టి నడిపారు. 1953 ఏప్రిల్ 12న అంతా ఆగింది, అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడివడింది. మద్రాసు ట్రామ్ ఎక్కిన తెలుగు పెద్దలు ఇంకా కొద్దిమంది ఉంటారు, చూపించడానికి నడిచే బండి ఒక్కటీ లేదు. కలకత్తాలో 1902 మార్చి 27న ఎస్‌ప్లనేడ్ నుంచి కిదర్‌పూర్‌కు మొదటి విద్యుత్ ట్రామ్ వెళ్లింది. 1996 నుంచి మెల్‌బోర్న్, కలకత్తా ట్రామ్ ప్రేమికులు, కండక్టర్లు ట్రామ్‌జాత్రా పేరుతో ఒకరి బండ్లను ఒకరు ముస్తాబు చేసుకుంటూ వచ్చారు. 2024 సెప్టెంబరులో ఎస్‌ప్లనేడ్ నుంచి మైదాన్ దాకా వారసత్వ లైను ఒకటి ఉంచి మిగతావి ఆపేస్తామని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది.

ఆ చిన్న లైను నిజంగా నడవాలంటే కావలసినవి తెలియనివేమీ కాదు. కలకత్తా బండ్లకు ఒకవైపే డ్రైవర్ చోటు, తలుపులు ఒకవైపే. కాబట్టి రెండు కొసల్లోనూ చుట్టు తిరిగే పట్టా ఉండాలి, అది మీదుగా తారు పోసిన పట్టా అయితే కుదరదు. గాడిలో తారు, మట్టి చేరితే చక్రం అంచు దాని మీదికెక్కి బండి పక్కకు దిగుతుంది. వర్షాకాలంలో పట్టా మీద నీళ్లు నిలిస్తే బండి తీయకూడదు, మోటార్లు అంత కిందికి ఉంటాయి. రోజూ నాలుగు బండ్లు తిరగాలంటే కనీసం ఆరు ఉండాలి, ఒకటి మరమ్మతులో, ఒకటి సిద్ధంగా. విడిభాగాలకు విప్పుకోవడానికి ఇంకో రెండు మూడు. కట్టి సిద్ధంగా ఉంచిన ఆర్మేచర్లు, టైర్లు వేసిన చక్రాల జతలు, బ్రేకు షూల పోతకు చెక్క అచ్చులు, కలకత్తా ట్రాముల నోనాపుకుర్ వర్క్‌షాపు డ్రాయింగులు కావాలి. వాటితో పాటు ఆ డ్రాయింగులు చూడకుండానే పనిచేయగల ముసలి ఫిట్టర్ల దగ్గర ఒకరిద్దరు కుర్రాళ్లను రెండేళ్లు పెట్టాలి. విరమణ ప్రకటించిన డిపోల్లో బండ్ల కన్నా ముందు పాత ఇనుము లెక్కన బయటికి పోయేది చక్రాల లేతు. జనం దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి అడ్డుపడేవాళ్లుండరు. జాబితా రాసేవాళ్లు మొదటి వరస దానికే ఇవ్వాలి.